ఎవరి సొంతమూ కాని క్లబ్బు

లింగాల ఘనపూర్ మండలంలో ఆటగాళ్లకు కొరత లేదు. నెల్లుట్ల, కళ్లెం, కుందారం, వనపర్తి, జీడికల్, నవాబుపేట, ఏ ఊరైనా సరే, సంక్రాంతికి వాలీబాల్ నెట్టు కట్టి సున్నంతో గీతలు గీస్తే పొద్దుగూకేలోపు నాలుగు జట్లు దిగుతాయి. షీల్డు ఇస్తానని ముందుకొచ్చే దాత దొరుకుతాడు, మైకు పట్టుకుని కామెంటరీ చెప్పే అన్న దొరుకుతాడు. ఎండాకాలం వచ్చేసరికి పరిస్థితి మారిపోతుంది. నెట్టు ఎవరింట్లో ఉందో తెలియదు. మిగిలిన చందా ఎవరి ఫోన్‌పేలో ఉందో అడగడానికి మొహమాటం. అంతా ముందుండి నడిపిన పిల్లగాడు ఉద్యోగం దొరికి హైదరాబాద్ పోతాడు. అతనితోపాటు జట్ల జాబితా, దాతల ఫోన్ నంబర్లు, ఊళ్లో అతని మీద ఉన్న నమ్మకం కూడా పోతాయి. మరుసటి ఏడు ఇంకొకరు మళ్లీ మొదటి నుంచి మొదలుపెడతారు.

ఇందులో ఎవరి తప్పూ లేదు. ఎవరూ పైసలు తిన్నది కూడా ఉండదు. కానీ పదేళ్ల పిల్ల ఆటలో నిలదొక్కుకోవాలంటే కనీసం ఏడెనిమిదేళ్లు అదే మైదానం, అదే వేళ, ఒక కోచ్ కావాలి. ఏటా చచ్చి ఏటా పుట్టే క్లబ్బు ఆ పిల్లకు పనికిరాదు. అందుకే క్లబ్బు పెట్టాలనుకునేవాళ్లు మొట్టమొదట తేల్చుకోవాల్సింది ఏ ఆట, ఎంత ఖర్చు అన్నది కాదు. ఈ నెట్టు, ఈ బంతులు, ఈ బ్యాంకు ఖాతా, ఈ పేరు ఎవరివి? ఎవరివీ కావు అన్నదే నా జవాబు. అలా ఎవరివీ కాకుండా నిలబెట్టే ఏర్పాటు చట్టంలో ఇప్పటికే ఉంది. 2013 కంపెనీల చట్టంలోని సెక్షన్ 8 అదే.

కంపెనీ అంటే లాభం, వాటాలు అనుకోవడం సహజం. సెక్షన్ 8 కంపెనీ ఆ కోవలోది కాదు. ఏయే ప్రయోజనాల కోసం దీన్ని పెట్టుకోవచ్చో చెప్పే జాబితాలో విద్య, కళలు, విజ్ఞానం, సంక్షేమం, పర్యావరణంతోపాటు క్రీడలు అన్న మాట నేరుగా ఉంది. పాత 1956 చట్టంలో ఇలాంటి కంపెనీలకు సెక్షన్ 25 ఉండేది. అందులో క్రీడల పేరు విడిగా లేదు, ‘ఇతర ఉపయోగకర ప్రయోజనం’ కింద పెట్టుకునేవారు. బిలియర్డ్స్ ఆటగాడు గీత్ సేఠీ, బ్యాడ్మింటన్ ఆటగాడు ప్రకాశ్ పదుకొనే 2001లో మొదలుపెట్టిన సంస్థ అలా వచ్చిందే. ఒలింపిక్ గోల్డ్ క్వెస్ట్ పేరుతో అది దేశమంతటా క్రీడాకారులకు అండగా నిలిచింది. సెక్షన్ 8 కంపెనీకి వచ్చిన ఆదాయమంతా ఆటకే ఖర్చు పెట్టాలి, సభ్యులకు డివిడెండు పంచకూడదు. చట్టం పెట్టే ముఖ్యమైన కట్టుబాట్లు ఈ రెండే. వీటిని మీరితే లైసెన్సు పోవచ్చు. కంపెనీకి పది లక్షల నుంచి కోటి రూపాయల దాకా జరిమానా కూడా ఉంది.

కల్లెడ చూపిన దారి

మన కళ్లెం కాదు, వరంగల్ అవతల పర్వతగిరి మండలంలోని కల్లెడ. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో విలువిద్యలో భారత్ తరఫున బాణం పట్టిన వర్ధినేని ప్రణీతది ఆ ఊరు. 2024 మేలో జపాన్‌లోని కోబెలో జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్‌లో 400 మీటర్ల టి20 విభాగం పరుగును 55.07 సెకన్లలో ముగించి ప్రపంచ రికార్డు నెలకొల్పిన జీవాంజి దీప్తిదీ అదే ఊరు. ఆ ఏడు సెప్టెంబరులోనే ఆమె పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. ఇద్దరి మధ్యా పదహారేళ్ల దూరం. ఇంత చిన్న ఊరికి రెండుసార్లు అదృష్టం కలిసొచ్చిందనుకుంటే మనం నేర్చుకునేదేమీ ఉండదు. ఇద్దరూ చదివింది రూరల్ డెవలప్‌మెంట్ ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ 1996లో ఆ ఊళ్లో పెట్టిన బడిలో. ఆటను పక్కన పెట్టని బడి అది. ప్రణీత వెళ్లిపోయాకా మైదానం ఉంది, వ్యాయామ ఉపాధ్యాయుడు ఉన్నాడు, పిల్లలను గమనించే అలవాటు ఉంది. కూలి పనులు చేసుకునే ఇంట్లో పుట్టి, మేధోపరమైన వైకల్యం కారణంగా ఊళ్లో మాటలు పడిన దీప్తి పరుగును బడి పసిగట్టింది. ఆ తర్వాత ద్రోణాచార్య పురస్కార గ్రహీత నాగపురి రమేశ్ శిక్షణ, హైదరాబాద్‌లో వసతి, ఇతర సంస్థల సాయం ఒకదాని వెంట ఒకటి అందాయి.

ఊరి క్లబ్బు చేయాల్సింది ఈ గొలుసులో మొదటి లంకె పని. పతకం తేవడం మన పని కాదు. పిల్లను గమనించడం, ఆమె వయసు, టైమింగు రాసి పెట్టడం, స్కూల్ గేమ్స్ సెలెక్షన్లకు తీసుకెళ్లడం, పైకి అప్పగించడం మన పని. అందుకు మనుషులు మారినా చెదరని పుస్తకాలు ఉండాలి.

అనంతపురంలో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు చేసిందీ దాదాపు ఇదే. 1969లో విన్సెంట్ ఫెర్రర్ మొదలుపెట్టిన ఆ సంస్థ కరువు సీమలో క్రీడాగ్రామం కట్టింది. 2010లో రఫెల్ నడాల్ ఫౌండేషన్ అక్కడ టెన్నిస్ బడి తెరిచింది. 2024లో దులీప్ ట్రోఫీ మ్యాచ్‌లు ఆ మైదానంలో జరిగాయి. ఆ స్థాయి డబ్బు మనకు రాదు. వ్యవస్థాపకుడు 2009లో కన్నుమూశాక కూడా సంస్థ నడిచిందన్న విషయం మాత్రం మనం తీసుకోవాలి.

సొసైటీ చాలదా?

చాలామందికి చాలు. నిజాయితీగా ముందే చెబుతున్నాను. ఏడుగురు కలిస్తే 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద సంఘం నమోదు చేసుకోవచ్చు. ఖర్చు తక్కువ, ఏటా కాగితాల పనీ తక్కువ. ఒక ఊరు, ఒక ఆట, సంక్రాంతికీ దసరాకూ టోర్నమెంటు, ఇంతే మీ ఉద్దేశమైతే సొసైటీతో ఆగండి. ఏడాదికి లక్ష రూపాయలు కూడా తిరగని క్లబ్బుకు కంపెనీ మోయలేని బరువు.

కంపెనీ కావాల్సింది ఎప్పుడంటే, జీతమిచ్చి కోచ్‌ను పెట్టాలనుకున్నప్పుడు, పెద్ద సంస్థల సామాజిక బాధ్యత (సీఎస్ఆర్) నిధులు అడగాలనుకున్నప్పుడు, ఒక ఊరు కాకుండా మండలమంతా కలిసి రావాలనుకున్నప్పుడు. నా సలహా మండల స్థాయికే. ఊరికో కంపెనీ పెట్టి అన్నింటికీ ఆడిట్ ఫీజులు కట్టడం కన్నా లింగాల ఘనపూర్ మండలానికి ఒకే కంపెనీ పెట్టి, దాని కింద ఊరూరా జట్లు నడపడం మేలు. నెల్లుట్ల, కుందారం జట్ల మధ్య పోటీ కోర్టులో ఎంత ఉంటే అంత మంచిది. పుస్తకాలు మాత్రం ఒక్క చోటే ఉండాలి.

సంఘాల్లో గొడవ వస్తే ఎలా ఉంటుందో మనకు బయటి ఉదాహరణ అక్కర్లేదు. హైదరాబాద్ క్రికెట్ సంఘం వ్యవహారం సుప్రీంకోర్టు దాకా పోయింది. 2023లో విశ్రాంత న్యాయమూర్తి జస్టిస్ ఎల్. నాగేశ్వరరావును ఏకసభ్య కమిటీగా నియమించాల్సి వచ్చింది. అలాగని కంపెనీ అనగానే అన్నీ చక్కబడతాయనీ అనుకోవద్దు. ఢిల్లీ క్రికెట్ సంఘం ఎప్పటి నుంచో కంపెనీయే. అక్కడ ఒకరి ఓటు ఇంకొకరు వేసే ప్రాక్సీ పద్ధతి ఏళ్ల తరబడి విమర్శల పాలైంది. 2017లో ఢిల్లీ హైకోర్టు, విశ్రాంత న్యాయమూర్తి జస్టిస్ విక్రమజిత్ సేన్‌ను పర్యవేక్షణకు పెట్టింది. అంటే కంపెనీ పెట్టడంతో పని అయిపోదు, లోపల ఏ నియమాలు రాసుకున్నామన్నది ముఖ్యం.

ఆ నియమాల్లో మొదటిది వాటాలు వద్దనడం. సెక్షన్ 8 కంపెనీని వాటాలతోనూ పెట్టవచ్చు, వాటాలు లేకుండా గ్యారంటీ పద్ధతిలోనూ పెట్టవచ్చు. చాలామంది కన్సల్టెంట్లు అలవాటు కొద్దీ వాటాల పద్ధతే రాసిస్తారు. మీరు పట్టుబట్టి గ్యారంటీ పద్ధతి అడగండి. వాటా ఉంటే అది ఆస్తి. ఈ రోజు ఇద్దరి పేరు మీద చెరి సగం ఉన్న వాటాలు రేపు వాళ్ల వారసులకు పోతాయి. ఆ వారసుడు బంతి ముట్టనివాడైనా క్లబ్బు మీద హక్కు అడుగుతాడు. గ్యారంటీ పద్ధతిలో వాటాలుండవు, సభ్యత్వం ఒక్కటే ఉంటుంది. కంపెనీ మూతపడి అప్పు మిగిలితే నేను ఇంత దాకా ఇస్తానని ప్రతి సభ్యుడూ ముందే రాసిస్తాడు. అది ఐదు వందలో, వెయ్యో మీరే పెట్టుకోవచ్చు. సభ్యత్వం మనిషితో ముగుస్తుంది, కొడుకుకు పోదు. స్పెయిన్‌లోని బార్సిలోనా క్లబ్బు చట్టం వేరు, దాని లెక్క వేరు. కానీ 1899లో పుట్టిన అంత పెద్ద క్లబ్బుకూ ఈనాటికీ వాటాదారులు లేరు, సభ్యులే ఉన్నారు.

ఇంకో లాభం కూడా ఉంది. వాటా మూలధనం లేని కంపెనీలో, నియమావళిలో మీరు ప్రత్యేకంగా రాసుకుంటే తప్ప, ప్రాక్సీ ఓటు హక్కే ఉండదు. కాబట్టి రాయకండి. ఓటు వేయాలనుకున్నవాళ్లు వచ్చి కూర్చోవాలి.

ఎవరు కూర్చోవాలి

మీటింగు పెట్టగానే ఒక మాట తప్పకుండా వస్తుంది. ‘అన్నా, పైసలెక్కువ నువ్వే పెడుతున్నవ్, మీ నాయిన పేరే క్లబ్బుకు పెడదాం.’ అభిమానంతో అనే మాటే. ఆ అన్న అక్కడే ‘నాయిన పేరు కప్పుకు పెట్టుర్రి తమ్మీ, క్లబ్బుకు ఊరి పేరే ఉండనీయుర్రి’ అంటే సగం పని అయినట్టే. స్మారక కప్పులు ఎన్నయినా ఉండవచ్చు. క్లబ్బు పేరులో ఒక ఇంటిపేరు చేరిన రోజున మిగతా ఇళ్లవాళ్లు అతిథులవుతారు. అన్నట్టు, చట్టం ప్రకారం పేరులో ఫౌండేషన్, అసోసియేషన్, ఫోరమ్, ఫెడరేషన్, కౌన్సిల్ వంటి మాట ఒకటి ఉండాలి. ప్రైవేట్ లిమిటెడ్ అని పెట్టనక్కర్లేదు.

ఇద్దరు డైరెక్టర్లతోనూ మొదలుపెట్టవచ్చు. కానీ మండలానికి ఐదారుగురైనా ఉండాలి. ఎవరిని తీసుకోవాలన్న దగ్గర చాలా క్లబ్బులు తడబడతాయి. బాగా ఆడేవాణ్ని, బాగా పేరున్నవాణ్ని తీసుకుంటారు. ఊళ్లో ఉండేవాళ్లను, లెక్క రాసేవాళ్లను తీసుకోండి. రిటైరైన పీఈటీ సారు, మందుల దుకాణం నడిపే మాజీ వాలీబాల్ ఆటగాడు, మహిళా సంఘంలో పదేళ్లు పుస్తకాలు రాసిన అక్క, ఇలాంటివాళ్లు. ఆ అక్క గురించి గట్టిగా చెబుతున్నాను. మన ఊళ్లలో సమయానికి సమావేశం పెట్టి, హాజరు వేసి, తీర్మానం రాసి, సంతకాలు తీసుకుని, బ్యాంకులో జమ చేసే అలవాటు ఎవరికైనా ఉందంటే పొదుపు సంఘాల ఆడవాళ్లకే ఉంది. కంపెనీ బోర్డు సమావేశానికి కావాల్సిన క్రమశిక్షణ అంతా అదే. సెక్షన్ 8 కంపెనీకి ఆరు నెలలకు ఒక బోర్డు సమావేశమైనా చాలని సడలింపు ఉంది. నెల నెలా కూర్చునే ఆ అక్కకు ఇది పెద్ద పనేమీ కాదు.

ప్రస్తుతం ఉద్యోగంలో ఉన్న ప్రభుత్వ ఉపాధ్యాయులను డైరెక్టర్లుగా రాసే ముందు వాళ్ల శాఖ అనుమతి చూసుకోండి. లేదంటే సలహాదారుగా ఉంచండి. పార్టీ పదవుల్లో ఉన్నవాళ్లు దాతలుగా, ప్రేక్షకులుగా రావచ్చు, డైరెక్టర్లుగా వద్దు. మైదానంలో ఏ పార్టీ ఫ్లెక్సీ ఉండదని నియమావళిలోనే రాసుకోండి. ఒక డైరెక్టరు వరుసగా రెండు దఫాలకు మించి ఉండకూడదనీ రాయండి. చట్టం మిమ్మల్ని ఇది అడగదు, మీ క్లబ్బు అడుగుతుంది.

డైరెక్టరుగా కూర్చున్నందుకు జీతం ఉండదు. సొంతంగా పెట్టిన బస్సు చార్జీలు, భోజనం ఖర్చు తీసుకోవచ్చు. క్లబ్బుకు గది ఇస్తే న్యాయమైన అద్దె, అప్పు ఇస్తే న్యాయమైన వడ్డీ తీసుకోవచ్చు. కోచ్‌కు చేసిన పనికి తగిన జీతం ఇవ్వడానికి అడ్డేమీ లేదు. పిల్లలు చట్టరీత్యా సభ్యులు కాలేరు, కానవసరం కూడా లేదు. వాళ్లు ఆటగాళ్లుగా నమోదవుతారు, తల్లిదండ్రులు కావాలంటే సభ్యులవుతారు. ప్రైవేటు కంపెనీగా పెడితే సభ్యులు 200 మందికి మించకూడదని మాత్రం గుర్తుంచుకోండి.

డైరెక్టరుగా సంతకం పెట్టే ప్రతి ఒక్కరికీ ఒక విషయం ముందే చెప్పాలి. వరుసగా మూడేళ్లు కంపెనీ లెక్కలు దాఖలు చేయకపోతే డైరెక్టర్లంతా ఐదేళ్ల పాటు ఏ కంపెనీలోనూ డైరెక్టరుగా ఉండే అర్హత కోల్పోతారు. 2017లో కేంద్రం ఇలా మూడు లక్షల మందికి పైగా డైరెక్టర్లను అనర్హులను చేసింది. ఊరి మీద ప్రేమతో పెట్టిన సంతకం, నాలుగేళ్ల తర్వాత ఆ కుర్రాడు సొంత స్టార్టప్ పెట్టుకునేటప్పుడు అడ్డం రాకూడదు.

కాగితాలు

దరఖాస్తు అంతా ఆన్‌లైన్‌లోనే. కార్పొరేట్ వ్యవహారాల మంత్రిత్వ శాఖ పోర్టల్‌లో స్పైస్ ప్లస్ అనే ఫారం ఉంటుంది. మొదటి భాగంలో పేరు, రెండో భాగంలో మిగతా వివరాలు. సెక్షన్ 8 లైసెన్సు, డైరెక్టర్ల నంబర్లు, పాన్, టాన్ అన్నీ దీనితోనే వస్తాయి. పరిశీలించేది హర్యానాలోని మానేసర్‌లో ఉన్న కేంద్ర నమోదు కార్యాలయం. ఇరవై మంది లోపు సభ్యులతో వాటాలు లేకుండా మొదలుపెడితే నమోదు ఫీజు సున్నా. డిజిటల్ సంతకాలకూ, చార్టర్డ్ అకౌంటెంటు లేదా కంపెనీ సెక్రటరీ ఫీజుకూ మాత్రం డబ్బు చూసుకోవాలి. ఆ నిపుణుడి ధ్రువీకరణ, ప్రతి సంస్థాపక సభ్యుడి ధ్రువీకరణ, ఐఎన్‌సి-13 నమూనాలో సంస్థాపన పత్రం, రాబోయే మూడేళ్ల ఆదాయ వ్యయాల అంచనా జతచేయాలి.

మన దగ్గర దరఖాస్తులు ఆగేది చట్టం దగ్గర కాదు, ఇంటిపేర్ల దగ్గర. ఆధార్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా, పాన్‌లో పూర్తిగా, ఓటరు కార్డులో అసలు లేకుండా ఉంటుంది. ముందు అవి సరిచేసుకోండి. రెండోది కార్యాలయం చిరునామా. ఎవరి ఇల్లు చూపించినా రెండు నెలల లోపు కరెంటు బిల్లు, యజమాని అంగీకార పత్రం కావాలి. ఆ బిల్లు ఎప్పుడో కాలం చేసిన తాత పేరు మీదే వస్తుంటుంది. పేరు మార్చుకుని ఆ తర్వాత దరఖాస్తుకు కూర్చోండి.

మూడేళ్ల అంచనా ఊరికే రాసిచ్చే కాగితం కాదు, అక్కడే మీ క్లబ్బు నిలుస్తుందో లేదో తేలిపోతుంది. ఉదాహరణకు 80 కుటుంబాలు నెలకు వంద చొప్పున కడితే ఏడాదికి 96,000. కోచ్‌కు నెలకు ఐదు వేలిస్తే 60,000. మిగిలిన 36,000లో బంతులు, నెట్లు, సున్నం, ప్రథమ చికిత్స పెట్టె, పోటీలకు ఆటో చార్జీలు, ఆడిట్ ఫీజు. ఇరుకుగా ఉంది కదా? అందుకే మండలం కలవాలంటున్నాను. ఈ లెక్క మీటింగులో బోర్డు మీద రాసి చూపించండి, ఎవరు నిలబడతారో తెలుస్తుంది. ఇంకో లెక్క కూడా అక్కడే రాయండి. వార్షిక లెక్కల ఫారం వార్షిక సర్వసభ్య సమావేశం జరిగిన 30 రోజుల్లో, వార్షిక రిటర్ను 60 రోజుల్లో వేయాలి. ఆలస్యమైతే ఒక్కో ఫారానికి రోజుకు వంద రూపాయలు. రెండూ ఏడాది పాటు మరిచిపోతే 73,000. కోచ్ జీతం మొత్తం దాంట్లో పోతుంది.

డబ్బు ఎక్కడి నుంచి

టోర్నమెంటు రోజు క్యూఆర్ కోడ్ ఎవరి ఫోన్‌ది అన్నదే అసలు పరీక్ష. కంపెనీ ఖాతాది తప్ప ఇంకెవరిదీ పెట్టవద్దు, ఒక్క రోజుకైనా సరే. ఖాతా నుంచి డబ్బు కదలాలంటే ఇద్దరి సంతకాలు ఉండాలి. ఆ ఇద్దరూ ఒకే ఇంటివాళ్లు కాకూడదు.

ఆదాయపు పన్ను శాఖ దగ్గర ధర్మసంస్థగా నమోదు, దాతలకు మినహాయింపు ఇచ్చే అనుమతి, ఈ రెండూ తీసుకోవాలి. 1961 చట్టంలో వీటిని 12ఎబి, 80జి అనేవారు. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యే 2025 చట్టంలో సెక్షన్ల నంబర్లు మారాయి, కాబట్టి అకౌంటెంటును కొత్త నంబర్లే అడగండి. ఆటల ప్రోత్సాహాన్ని ధర్మకార్యంగా చూస్తామని ప్రత్యక్ష పన్నుల బోర్డు 1984లోనే 395వ సర్క్యులర్‌లో చెప్పింది. అయితే క్లబ్బు తలుపు అందరికీ తెరిచి ఉండాలి. సభ్యుల పిల్లలకే పరిమితమైతే అది ధర్మం కిందికి రాదు. దాతలకూ ఒక మాట చెప్పండి. రెండు వేలకు మించి నగదు ఇస్తే ఈ మినహాయింపు దక్కదు. కొత్త పన్ను పద్ధతి ఎంచుకున్న ఉద్యోగికి అసలే దక్కదు. తీరా ఇచ్చాక తెలిస్తే బాధపడతారు.

పెద్ద కంపెనీల సీఎస్ఆర్ నిధుల జాబితాలో గ్రామీణ క్రీడల శిక్షణ పేరు పెట్టి మరీ ఉంది. కానీ మొదటి ఏడే వెళ్లి అడిగితే చేతులు ఖాళీగానే వస్తాయి. ఆ రెండు పన్ను నమోదులూ, కనీసం మూడేళ్ల పని అనుభవమూ, సీఎస్ఆర్-1 ఫారం నమోదూ ఉండాలి. మూడేళ్ల ఫొటోలు, హాజరు పట్టీలు, పిల్లల టైమింగులు, ఆడిట్ చేసిన లెక్కలు అప్పుడు మాట్లాడతాయి.

ఇక అమెరికా డబ్బు. మన మండలం నుంచి డాలస్‌కూ, న్యూజెర్సీకీ వెళ్లిన పిల్లలు సాయం చేస్తామంటారు, మనసుతోనే అంటారు. ఇక్కడ చాలా జాగ్రత్త కావాలి. విదేశంలో ఉన్నా భారత పౌరసత్వం ఉన్నవాళ్లు తమ సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. పౌరసత్వం మార్చుకున్నవాళ్లు, చేతిలో ఓసీఐ కార్డున్నా సరే, పంపితే విదేశీ విరాళమే. దానికి 2010 విదేశీ విరాళాల చట్టం కింద అనుమతి తప్పనిసరి. మామూలు నమోదుకు మూడేళ్ల వయసు, ఆ మూడేళ్లలో పదిహేను లక్షల ఖర్చు చూపాలి. కాబట్టి ‘మీ పాస్‌పోర్టు ఏ దేశానిది బిడ్డా?’ అని అడిగి, పంపినవాళ్ల పాస్‌పోర్టు కాపీ ఫైల్లో పెట్టుకోండి. అడగడానికి మొహమాటపడితే బోర్డు మొత్తం ఇబ్బందుల్లో పడుతుంది.

నేల, ఆడపిల్లలు

కంపెనీ పెట్టినంత మాత్రాన మైదానం మనది కాదు. 2022 జూన్‌లో మొదలైన తెలంగాణ క్రీడా ప్రాంగణాల కింద చాలా ఊళ్లలో వాలీబాల్, కబడ్డీ, ఖోఖో కోర్టులకు స్థలం చూపించారు. మీ ఊళ్లో ఆ బోర్డు ఉండి చుట్టూ గడ్డి పెరిగి ఉంటే అక్కడే మొదలుపెట్టండి. పంచాయతీ తీర్మానం రాయించుకుని, ఎన్నేళ్లు, ఏ వేళల్లో, ఎవరు ఊడుస్తారు అన్నది కాగితం మీద పెట్టండి. సర్పంచ్ నోటిమాట ఆ సర్పంచ్ ఉన్నంత వరకే. బడి మైదానమైతే ప్రధానోపాధ్యాయుడితోపాటు అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలోని తల్లులనూ ఒప్పించండి, వాళ్ల పిల్లలే మీ ఆటగాళ్లు. చెరువు శిఖంలో ఎండాకాలం క్రికెట్ ఆడుకోండి, అక్కడ ఒక్క ఇటుక కూడా పెట్టవద్దు.

ఎనిమిదో తరగతి దాటాక మైదానంలో ఆడపిల్లలు కనబడరు. ఇది ఆట మీద ఇష్టం పోయి కాదు. చీకటి పడుతుంది, తీసుకొచ్చేవాళ్లు లేరు, దుస్తులు మార్చుకునే చోటు లేదు, ఎవరేమంటారోనన్న భయం. క్లబ్బు నియమాల్లో అమ్మాయిల వేళ పొద్దు ఉండగానే ముగియాలని రాయండి. ఆ వేళలో మైదానంలో ఒక స్త్రీ బాధ్యురాలు తప్పక ఉండాలి. కోచ్ ఎవరైనా పిల్లలతో ఒంటరిగా ప్రయాణం చేయకూడదు. పోక్సో చట్టం గురించి కోచ్‌కు మొదటి రోజే చెప్పి సంతకం తీసుకోండి. క్రీడా మైదానాలు, శిక్షణ కేంద్రాలు కూడా 2013 లైంగిక వేధింపుల నిరోధక చట్టం పరిధిలో ఉన్నాయి. పదిమంది లోపు ఉద్యోగులున్న చోట ఫిర్యాదు జిల్లా స్థానిక కమిటీకి వెళుతుంది, ఆ వివరాలు మైదానంలో గోడ మీద రాసి పెట్టండి. కల్లెడ పేరు నిలబెట్టిన ఇద్దరూ ఆడపిల్లలే. ఈ పేరా అమలు కాకపోతే మిగతాదంతా మగపిల్లల వాలీబాల్ కోసమే అవుతుంది. అది నాకు సమ్మతం కాదు.

ఎప్పుడు మొదలుపెట్టాలి

సంక్రాంతికి. ఉత్సాహం అప్పుడే ఉంటుంది, ఊళ్ల నుంచి వెళ్లినవాళ్లు అప్పుడే వస్తారు, చట్టం కూడా ఇక్కడ మనకు కలిసొస్తుంది. జనవరి 1 తర్వాత నమోదైన కంపెనీ తన మొదటి లెక్కలను ఆ మార్చిలో కాక మరుసటి ఏడాది మార్చి 31కి ముగించవచ్చు. అంటే కుదురుకోవడానికి ఏడాదికి పైగా దొరుకుతుంది. ఆదాయపు పన్ను లెక్క మాత్రం ఏటా మార్చి 31తోనే తెగుతుంది, అది మరవద్దు. నమోదైన 30 రోజుల్లో బోర్డు మొదటి ఆడిటరును నియమించాలి, బ్యాంకు ఖాతా తెరవాలి, కార్యాలయం దగ్గర పేరు, నమోదు సంఖ్యతో బోర్డు కట్టాలి. ఉగాదికల్లా కోచ్, వేసవి సెలవుల్లో శిబిరం. బడులు తెరిచాక హాజరు పట్టీ. మండల, జిల్లా పోటీల తేదీల కోసం జనగామలో జిల్లా యువజన, క్రీడల అధికారి కార్యాలయానికి నెలకోసారి ఒకరు పోయి రావాలి. 2016 అక్టోబరు 11న జనగామ జిల్లా అయ్యాక ఆ పనికి వరంగల్ దాకా పోనక్కర్లేదు.

మొదటి లెక్కలు ముగిశాక తొమ్మిది నెలల్లో, అంటే డిసెంబరు 31లోపు, మొదటి వార్షిక సర్వసభ్య సమావేశం జరగాలి. పద్నాలుగు రోజుల ముందు నోటీసు చాలు, దాఖలు చేయాల్సినవి బాకీ లేకపోతేనే ఈ సడలింపు. ఆ సమావేశం డైరెక్టరు ఇంట్లో కాకుండా పంచాయతీ ఆఫీసు ముందర పెట్టండి. ఖర్చుల పట్టిక తెలుగులో, పెద్ద అక్షరాల్లో, ఎవరికి ఎంత ఇచ్చారో పేర్లతో సహా అచ్చువేసి పంచండి. ఆటగాళ్ల తల్లులు అడిగే ప్రశ్నలకే ఎక్కువ సమయం ఇవ్వండి. ఆడిటరును కూడా పిలవండి, బస్సు చార్జీలు క్లబ్బే పెట్టుకోవాలి.